గ్రేస్ హాపర్‌ని పురుగు కథతో సరిపెట్టొద్దు

మార్చి 8 వస్తోందంటే చాలు, ఇంజనీరింగ్ కాలేజీల గోడల మీదా వాట్సాప్ గ్రూపుల్లోనూ గ్రేస్ హాపర్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణురాలి ఫొటో కనబడుతుంది. నేవీ యూనిఫామ్, పెద్ద కళ్ళద్దాలు, పక్కన ఒక లాగ్‌బుక్ పేజీకి టేపుతో అంటించిన రెక్కల పురుగు. కింద మూడు ముక్కలు: మొదటి కంప్యూటర్ బగ్ పట్టుకున్న మహిళ, మొదటి కంపైలర్ రాసిన మహిళ, కోబాల్ భాషకు తల్లి. (కంపైలర్ అంటే మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రామ్; కోబాల్ అంటే వ్యాపార లెక్కల కోసం పుట్టిన ప్రోగ్రామింగ్ భాష.) ఈ ఏడాది మా మేనకోడలి కాలేజీలోనూ ఇదే పోస్టరు పెట్టారు. తను బీటెక్ మూడో ఏడు. ఆ ఫొటో నాకు పంపించి, "అత్తా, నువ్వు కోబాల్‌లో పనిచేశావు కదా, ఈవిడ గురించి నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు, ఏం చెప్పమంటావ్?" అని అడిగింది.

రెండు నిమిషాలకి సరిపడా చెప్పాను. కానీ అప్పట్నుంచీ నన్ను ఆ పోస్టరు వదల్లేదు. అందులో ఒకటి తప్పు, ఒకటి తగాదాలో ఉన్న విషయం, ఇంకొకటి సగం నిజం. నా బాధ అది కాదు, హాపర్ చేసిన అసలు పని ఆ మూడు ముక్కల్లో ఎక్కడా లేదు. ప్రోగ్రామ్‌ని రేపు ఇంకో మనిషి చదవాలి, చదవడానికి వీలుగా మనం రాసిపెడితే మిగతా చాకిరీ మెషీనే చేసుకోవాలి అని ఆవిడ పట్టుబట్టింది. 1950ల మొదట్లో ఈ మాట ఎవరికీ రుచించలేదు. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ పట్టుదల పుణ్యమా అని నడిచింది కాబట్టి, దాని గురించి తీరిగ్గా రాయాలనిపించింది.

పురుగు సంగతి ముందు తేల్చేద్దాం. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్-2 అనే మెషీన్ మొరాయిస్తే, వెతగ్గా వెతగ్గా రిలే అనే ఒక కరెంటు స్విచ్‌లో ఇరుక్కుని చచ్చిన పురుగు దొరికింది. దాన్ని లాగ్‌బుక్‌లో అంటించి, "నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భం" అని రాశారు. మెషీన్‌లో లోపాన్ని బగ్ అనడం అప్పటికే ఇంజనీర్లకి అలవాటు. అందుకే "నిజంగా" అని సరదాపడ్డారు. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. పురుగుని పట్టింది హాపర్ కాదు. ఆ కథని జీవితాంతం ముచ్చటగా చెప్పింది మాత్రం ఆవిడే, అందుకే ఆవిడ పేరుకి అంటుకుపోయింది.

నోట్‌బుక్కులోంచి పుట్టిన ఆలోచన

హాపర్ 1906లో న్యూయార్క్‌లో పుట్టింది. యేల్‌లో 1934లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, తను డిగ్రీ చదివిన వాసర్ కాలేజీలోనే పాఠాలు చెప్పేది. యుద్ధం వచ్చాక నేవీలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. గణితం చెప్పేవాళ్ళు కాలేజీలో ఉంటేనే దేశానికి లాభం అని కూడా అన్నారు. ఆవిడ వినలేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబరులో చేరింది, శిక్షణలో బ్యాచ్ ఫస్ట్ వచ్చింది. 1944 జులైలో హార్వర్డ్‌లో కంప్యూటర్ రూపొందించిన హోవర్డ్ ఐకెన్ దగ్గర వేశారు. యుద్ధనౌకలో పంపుతారనుకున్న మనిషిని తీసుకెళ్ళి 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, 5 టన్నుల బరువున్న మెషీన్ ముందు నిలబెట్టారు. అదే మార్క్-1. సెకనుకి మూడు కూడికలు చేసేది. ఆజ్ఞలన్నీ కాగితం టేపు మీద చిల్లుల రూపంలో ఎక్కించాలి.

ఆ గదిలో జరిగిన పనంతా యుద్ధం పని. నేవీకి కావలసిన లెక్కల పట్టికలు రాత్రింబవళ్ళు తయారయ్యేవి. 1944లోనే గణితజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ ఒక పెద్ద లెక్క పట్టుకొచ్చాడు. అది అణుబాంబుని లోపలికి కుదించి పేల్చే పద్ధతికి సంబంధించినది, మరుసటి ఏడు నాగసాకి మీద పడిన బాంబు ఆ పద్ధతిదే. దేనికోసం లెక్కిస్తున్నారో అప్పుడు ఆ గదిలో వాళ్ళకి చెప్పలేదు. హాపర్ గురించి ఎంత ఇష్టంగా రాసినా ఈ వాక్యం రాయకుండా ముందుకెళ్ళడం నాకు సరికాదనిపిస్తుంది.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటు ఆ గదిలోవాళ్ళ నోట్‌బుక్కులు. సైన్, కొసైన్, వర్గమూలం లాంటివి మళ్ళీ మళ్ళీ కావాల్సి వచ్చేవి. ప్రతిసారీ మొదటినుంచీ రాయకుండా, సరిగ్గా పనిచేసిన ముక్కల్ని అక్కడివాళ్ళు తమ నోట్‌బుక్కుల్లో రాసిపెట్టుకునేవాళ్ళు. ఎవరికైనా కావాల్సివస్తే పక్కవాళ్ళ నోట్‌బుక్కు అడిగి తీసుకుని, చూసి ఎక్కించుకునేవాళ్ళు. అక్కడే కొంప మునిగేది. చేత్తో ఎక్కించేటప్పుడు 4 అంకె ఇంకేదో గుర్తుగా మారేది, బీ అక్షరం 13 అయ్యేది. తర్వాతి మెషీన్లలో అయితే ఆ ముక్క ప్రోగ్రామ్‌లో ఎక్కడ కూర్చుంటుందో దాన్నిబట్టి మెమరీ చిరునామాలన్నిటికీ ఒక సంఖ్య కలుపుకుంటూ పోవాలి. ఆ కూడికల్లో తప్పులు. ప్రోగ్రామర్లకి చూసి రాయడం రాదు, కూడడం రాదు అని హాపర్ తర్వాత చాలాసార్లు చెప్పింది. చూసి రాయడం, కూడడం మెషీన్‌కి బాగా వచ్చిన పనులు. మరి మనం ఎందుకు చేస్తున్నాం? కంపైలర్ ఆలోచన అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

ఇంకో చిన్న సంఘటన. మార్క్-1 మీద పుస్తకం రాయమని ఐకెన్ ఆవిడకి చెప్పాడు. నేనెప్పుడూ పుస్తకం రాయలేదంటే, ఇప్పుడు నువ్వు నేవీలో ఉన్నావన్నాడు. రాసిన పేజీలు రోజూ ఆయనకి చదివి వినిపించాలి. అలా 1946లో 561 పేజీల మాన్యువల్ అచ్చయింది. మెషీన్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలనా లేదా అని ప్రతి సాయంత్రం పరీక్ష పెట్టుకున్నట్టే కదా. పదేళ్ళు క్లాసులో పాఠం చెప్పిన మనిషి కూడా. ఆవిడ తర్వాత చేసినవన్నీ పాఠం చెప్పేవాళ్ళ పనుల్లాగే కనిపిస్తాయి నాకు.

"మొదటి" అనే పోటీ

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీల కంప్యూటర్ కంపెనీలో చేరింది. మరుసటి ఏడు ఆ కంపెనీని రెమింగ్టన్ రాండ్ కొనేసింది. యూనివాక్ అనే కంప్యూటర్ అక్కడే తయారైంది. 1951, 52ల్లో ఆవిడ ఏ-జీరో అనేదాన్ని తయారుచేసింది. నోట్‌బుక్కుల్లోని ముక్కలన్నీ ఇప్పుడు మ్యాగ్నెటిక్ టేపు మీద ఉంటాయి, ఒక్కోదానికీ ఒక నంబరు. ప్రోగ్రామర్ ఏ నంబరు ముక్క కావాలో, దానికి ఏ విలువలు ఇవ్వాలో వరసగా రాస్తే చాలు. టేపు మీంచి వెతికి తేవడం, చిరునామాలు సరిచెయ్యడం, అతికించడం మెషీన్ పని. 1952 మేలో పిట్స్‌బర్గ్‌లో ఏసీఎమ్ అనే కంప్యూటర్ నిపుణుల సంఘం సమావేశంలో దీనిమీద పేపర్ చదివింది. ప్రోగ్రామర్ మళ్ళీ గణితజ్ఞుడిగా మారొచ్చు అంది అందులో.

ఇక్కడ కంప్యూటర్ చరిత్ర తెలిసినవాళ్ళు అడ్డుపడతారు, న్యాయంగానే. ఇవాళ మనం కంపైలర్ అనేదానికీ ఏ-జీరోకీ చాలా దూరం. అది చేసింది సిద్ధంగా ఉన్న ముక్కల్ని కలిపి మెమరీలోకి ఎక్కించే పని, ఇప్పటి లింకర్, లోడర్ చేసేది. అదే 1952లో మాంచెస్టర్‌లో అలిక్ గ్లెన్నీ ఆటోకోడ్ అనే కంపైలర్ రాశాడు. అంతకు ఏడాది ముందే జ్యూరిక్‌లో కొరాడో బోమ్ తన థీసిస్‌లో ఒక భాషనీ దాని కంపైలర్‌నీ వివరించాడు. వాటిని చూస్తే "మొదటి కంపైలర్" బిరుదు హాపర్‌కి నిలబడటం కష్టం. నిలబడకపోయినా ఆవిడకి వచ్చే నష్టం ఏమీ లేదని నా అభిప్రాయం. ఇంకో మాట కూడా చెప్పాలి. కంపైలర్ అంటే పెదవి విరిచినవాళ్ళ వాదనలో అర్థం లేకపోలేదు. యూనివాక్ ఖరీదు పది లక్షల డాలర్ల పైమాటే. మెషీన్ టైము బంగారం. చేత్తో రాసిన కోడ్ కంటే కంపైలర్ ఇచ్చిన కోడ్ నెమ్మదిగా నడిస్తే ఎవరు ఒప్పుకుంటారు? ఆ అనుమానాన్ని తీర్చింది 1957లో ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన ఫోర్ట్రాన్ భాష కంపైలర్. హాపర్ మీద ఎంత అభిమానం ఉన్నా ఈ గెలుపు వాళ్ళదే.

మరి ఆవిడది ఏది? నడుస్తున్న కంపైలర్ నా దగ్గరుంటే ఎవరూ ముట్టుకోలేదు, కంప్యూటర్లు లెక్కలు తప్ప ఇంకేమీ చెయ్యలేవన్నారు అని ఆవిడ ఎన్నో చోట్ల చెప్పింది. కంప్యూటర్ అంకెల్నే కాదు, గుర్తుల్ని కూడా అటూ ఇటూ మార్చగలదు కాబట్టి ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామే రాయగలదని ముందు అర్థం చేసుకోవాలి. తర్వాత పై అధికారులకి, కొనేవాళ్ళకి, తోటి ప్రోగ్రామర్లకి ఏళ్ళ తరబడి నచ్చజెప్పాలి. ప్రోగ్రామర్లకి నచ్చజెప్పడమే అన్నిటికంటే కష్టం. ఆ రోజుల్లో ప్రోగ్రామర్లు పూజారివర్గంలా ఉండేవాళ్ళని బ్యాకస్ కూడా తర్వాత రాశాడు. తమకి తప్ప ఇంకెవరికీ అర్థంకాని విద్యని మెషీన్‌కి అప్పజెప్పమంటే ఎవరికైనా మనసొప్పదు. హాపర్ తనూ ఆ వర్గంలో మనిషే, అందులో పైవరసలో మనిషి. తన విద్య విలువ తగ్గించే పని తనే భుజాన వేసుకుంది.

ఫిలడెల్ఫియా మెషీన్‌కి ఫ్రెంచి వస్తుందా

యూనివాక్ కొన్నవాళ్ళలో సెన్సస్ బ్యూరోతో పాటు ఇన్సూరెన్స్ కంపెనీలూ ఉన్నాయి. జీతాల లెక్కలు, ప్రీమియం లెక్కలు చూసేవాళ్ళకి బీజగణితం గుర్తులంటే చిరాకు. వాళ్ళకి తెలిసింది మాటలు. కాబట్టి మాటల్లోనే ప్రోగ్రామ్ రాయనిద్దాం అంది హాపర్. 1955లో ఆ ప్రతిపాదన కంపెనీ పెద్దల ముందు పెట్టింది. తర్వాత ఫ్లోమాటిక్ అని పేరు పెట్టిన భాష అదే.

ఆ ప్రదర్శనలో ఒక చిన్న ప్రోగ్రామ్‌ని ముందు ఇంగ్లిష్ మాటలతో చూపించారు. తర్వాత అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచి మాటలతో, ఆ తర్వాత జర్మన్ మాటలతో. మెషీన్‌కి ఏ భాషైనా ఒకటే, అక్షరాల గుంపుని గుర్తుపట్టి దానికి కట్టిన పని చేస్తుంది అని చెప్పడం ఉద్దేశం. పెద్దలు కంగారుపడిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్‌కి ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థమవుతాయి? ఇదంతా జరిగే పని కాదన్నారు. ఇంగ్లిష్‌లో తప్ప చెయ్యం అని మాటిచ్చి వాళ్ళని మళ్ళీ దారికి తెచ్చుకునేసరికి నెలలు పట్టిందని హాపర్ 1978లో ఒక సభలో చెప్పింది.

ఈ ఘట్టం నన్ను ఎందుకు కదిలిస్తుందో చెప్పాలంటే అమీర్‌పేట గురించి చెప్పాలి. 1998లో అమీర్‌పేటలో ఏ సందు చూసినా మెయిన్‌ఫ్రేమ్ (కంపెనీల పెద్ద కంప్యూటర్లు) కోర్సుల బోర్డులే. వైటూకే (2000 సంవత్సరం రాగానే రెండంకెల తేదీలతో లెక్కలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని కోబాల్ నేర్చుకుంటే అమెరికా అన్న రోజులు. సివిల్, మెకానికల్, ఎమ్మెస్సీ, బీకామ్, అందరూ అక్కడే. నేను చేరిన బ్యాచ్‌లో సగంమంది తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. కోబాల్ ఇంగ్లిష్‌లా ఉంటుంది కాబట్టి చాలా ఈజీ అని సారు మొదటిరోజే అన్నారు. మా ముందు బెంచీలో ఖమ్మం వైపునుంచి వచ్చిన అబ్బాయి ముఖం ఆ మాటకి వాడిపోవడం నాకింకా గుర్తుంది. ఇంగ్లిష్‌లా ఉంటే ఈజీ అవడం ఎవరికి?

హాపర్ ఆలోచన మీద నాకున్న పెద్ద అనుమానం ఇదే. మాటల్లో రాయనిద్దాం అన్నప్పుడు ఎవరి మాటలు అనే ప్రశ్న వెంటే వస్తుంది. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఆవిడ చేతిలో అప్పటికే ఉంది, చూపించింది కూడా. వద్దన్నది పైవాళ్ళు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఆ అబ్బాయే. వాడు ఒక్కో కోబాల్ మాటకీ పక్కన తెలుగులో అర్థం కాదు, ఆ మాట చేసే పని రాసుకునేవాడు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళేమో మాట్లాడినట్టే రాసేసి, ఎక్కడో ఫుల్‌స్టాప్ పడక, పేజీలకి పేజీలు ఎర్రర్లు తెచ్చుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి బ్యాచ్‌లో అందరికంటే శుభ్రంగా కోడ్ రాసింది వాడే. అంటే ఇంగ్లిష్‌లా ఉండటం అసలు గుణం కాదు. అది పైపూత. కింద ఇంకేదో ఉంది.

తల్లి కాదు, మరేమిటి

కోబాల్ పుట్టుక కమిటీ వ్యవహారం. ఒక్కో కంపెనీ మెషీన్‌కి ఒక్కో భాష ఉంటే ప్రతిసారీ మళ్ళీ రాసుకోవాల్సి వస్తోందని, అందరికీ ఒకే భాష కావాలని బరోస్ కంపెనీలో పనిచేసే మేరీ హాస్ మొదలుపెట్టింది. 1959 మేలో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. భాషని కూర్చుని రాసిన చిన్న కమిటీలో హాపర్ లేదు. జీన్ సామెట్, ఇంకో ఐదుగురు కలిసి ఆ పని చేశారు. హాపర్‌ని కోబాల్ తల్లి అనడం సరికాదని సామెట్ తర్వాత ఖరాఖండిగా రాసింది. నేను సామెట్ పక్షమే. ఒకరి గొప్పదనం చెప్పడానికి ఇంకొకరి పని చెరిపెయ్యక్కర్లేదు, అందులోనూ మహిళా దినోత్సవం నాడు ఇద్దరు మహిళల పేర్లు తుడిచేసి.

అయితే కోబాల్‌కి ఎక్కువ పోలికలు వచ్చింది ఫ్లోమాటిక్ నుంచే. మూడు విషయాలు ముఖ్యం. ఆజ్ఞలు ఇంగ్లిష్ మాటల్లో ఉండటం, డేటా వివరాల్ని ఆజ్ఞలనుంచి విడదీసి వేరేగా రాయడం, డేటాకి పొట్టి గుర్తులు కాకుండా నిండు పేర్లు పెట్టనివ్వడం. పోస్టర్లవాళ్ళు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. నాకు రెండోదీ మూడోదీ ముఖ్యం, కారణం కింద చెబుతాను. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ని ఆర్‌సీఏ కంపెనీ మెషీన్ మీదా యూనివాక్ మీదా నడిపి చూపించారు. ఇవాళ మనకి అందులో వింత కనబడదు. అప్పట్లో అది నమ్మలేని సంగతి.

హాపర్ కోబాల్‌కి చేసిన పెద్ద మేలు ఆ తర్వాత జరిగింది, దాన్ని ఎవరూ తలుచుకోరు. 1966 చివర్లో వయసైపోయిందని నేవీ రిజర్వునుంచి రిటైర్ చేశారు. ఏడాది తిరక్కుండానే, 1967లో, 60 ఏళ్ళ మనిషిని ఆర్నెల్లకని మళ్ళీ పిలిచారు. నేవీలో ఒక్కోచోట ఒక్కో రకం కోబాల్ నడుస్తోంది, దాన్ని దారిలో పెట్టాలి. కంపెనీలు అమ్మే కంపైలర్లు నిజంగా స్టాండర్డ్ ప్రకారం ఉన్నాయా లేదా అని పరీక్షించే ప్రోగ్రామ్‌లు ఆవిడ బృందం తయారుచేసింది. ఆ ఆర్నెల్లు దాదాపు 19 ఏళ్ళయ్యాయి. 1986లో రియర్ అడ్మిరల్‌గా, 79 ఏళ్ళకి రిటైరైంది. పరీక్షలు రాయడం, స్టాండర్డ్ పాటించనివాళ్ళని పట్టుకోవడం ఫొటోకి అందే పని కాదు. ఒకచోట రాసిన ప్రోగ్రామ్ ఇంకోచోట, ఇంకో దశాబ్దంలో నడుస్తోందంటే ఇలాంటి పని వల్లే.

డైక్‌స్ట్రా మాటా, నా ఉద్యోగం

కోబాల్‌ని సమర్థించే ఎవరైనా డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రాకి జవాబు చెప్పాలి. కోబాల్ వాడకం బుర్రని పాడుచేస్తుంది, దాన్ని నేర్పడం నేరంగా పరిగణించాలి అని 1975లో రాశాడాయన. మామూలు మనిషి కాదు, ప్రోగ్రామ్ గురించి ఎలా ఆలోచించాలో మనందరికీ నేర్పినవాళ్ళలో ఒకడు. ఆయన చెప్పిన జబ్బులు నేను కళ్ళారా చూశాను. వైటూకే ప్రాజెక్టులో మా చేతికొచ్చినవి ఒక అమెరికన్ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రోగ్రామ్‌లు. కొన్ని నేను పుట్టకముందు రాసినవి. ఒక పేరాగ్రాఫ్‌నుంచి ఇంకోదానికి గో టూ (అక్కడికి దూకు అనే ఆజ్ఞ), అక్కడినుంచి మళ్ళీ వెనక్కి గో టూ. ప్రతి వాక్యం ఇంగ్లిష్‌లో చక్కగా అర్థమవుతుంది, మొత్తం ఏం చేస్తోందో మాత్రం అంతుపట్టదు. వాక్యం చదవగలగడం వేరు, తర్కం అందడం వేరు. ఇంగ్లిష్‌లో రాస్తే మేనేజర్లు కూడా చదువుకుంటారన్న ఆశ కూడా అంతగా నెరవేరలేదు. నేను పనిచేసిన చోట్ల కోడ్ తెరిచి చదివిన మేనేజర్ ఒక్కరూ లేరు.

ఇంత ఒప్పుకున్నాక కూడా డైక్‌స్ట్రా వైపు వెళ్ళలేకపోతున్నాను. మా పని ఏమిటంటే రెండంకెల సంవత్సరం ఎక్కడెక్కడ ఉందో వెతికి నాలుగంకెలు చెయ్యడం. పంచ్ కార్డు మీద 80 గళ్ళే ఉండే రోజుల్లో మొదలైన పొదుపు అది, కోబాల్‌కి వారసత్వంగా వచ్చింది. రాసినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు, కొందరు పోయారు కూడా. అడగడానికి మనుషుల్లేరు, డాక్యుమెంట్లు లేవు. ఉన్నది కోడ్ ఒక్కటే. కోబాల్ ప్రోగ్రామ్ తెరిస్తే డేటా డివిజన్ (డేటా వివరాలు రాసే భాగం) విడిగా ఉంటుంది. ఒక్కో పేరు 30 అక్షరాల దాకా ఉండొచ్చు. పాలసీ మొదలైన తేదీ, ఆఖరి ప్రీమియం కట్టిన తేదీ, క్లెయిమ్ వచ్చిన తేదీ అని పేరులోనే కనబడుతుంది. ఎన్ని అంకెలున్నాయో పక్కనే ఉంటుంది. అమెరికా ఇన్సూరెన్స్ గురించి ఏమీ తెలియని అమ్మాయిని, హైదరాబాద్‌లో కూర్చుని, ఎవరినీ అడక్కుండా అది అర్థం చేసుకోగలిగాను.

అదే సిస్టమ్‌లో కొన్ని అసెంబ్లర్ (మెషీన్ ఆజ్ఞలకి దగ్గరగా ఉండే భాష) మాడ్యూల్స్ ఉన్నాయి. వాటిలో పేర్లు పొట్టి గుర్తులు. వాటి దగ్గర మాలో అనుభవం ఉన్నవాళ్ళు కూడా చేతులెత్తేసేవాళ్ళు. కోబాల్ ప్రోగ్రామ్ ఒకటి పూర్తిచేసే సమయంలో ఆ మాడ్యూల్స్‌లో ఒక్క పేజీ కదిలేది కాదు. అందులో కూడా తేదీలే ఉన్నాయి, కానీ అవి తేదీలని ఎవరూ చెప్పలేదు. రాసినవాడికి మాత్రం తెలుసు.

ఇంగ్లిష్ మాటల వల్ల మాకు ఒరిగింది తక్కువ. నిండు పేర్లు, విడిగా రాసిన డేటా వివరాలు మమ్మల్ని కాపాడాయి. ఖమ్మం అబ్బాయికి పనికొచ్చిందీ ఇదే. డైక్‌స్ట్రా ప్రోగ్రామ్ రాసేవాడి బుర్ర గురించి బెంగపడ్డాడు, ఆ బెంగ సరైనదే. హాపర్‌ది ముప్పై ఏళ్ళ తర్వాత దాన్ని తెరిచి చూసేవాళ్ళ గురించిన బెంగ. నేను ఆ తెరిచి చూసినవాళ్ళలో ఒకదాన్ని. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, నిరుద్యోగ భృతి సిస్టమ్‌లు తట్టుకోలేక న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్ళు ఎవరైనా సాయానికి రమ్మని అడిగినప్పుడు చాలామంది ఆ భాషని తిట్టారు. ఆ సిస్టమ్‌లని అన్నేళ్ళు పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళని ఎక్కువమంది తిట్టలేదు.

మేనకోడలి వాదన

ఇవన్నీ చెబితే మా మేనకోడలు ఒక మాటంది. "అయితే అత్తా, హాపర్ కల ఇప్పుడు నిజమైనట్టే కదా. నేను ఏఐకి మామూలు మాటల్లో చెబుతున్నా, కోడ్ వచ్చేస్తోంది. ఇంగ్లిష్ కూడా అక్కర్లేదు, తెలుగులో టైప్ చేసినా అర్థం చేసుకుంటోంది." నాకు చేసి చూపించింది కూడా. హాస్టల్ మెస్ బిల్లుల లెక్క తెలుగులో అడిగింది, పైథాన్ భాషలో ప్రోగ్రామ్ వచ్చింది, పనిచేసింది. ఫ్రెంచి, జర్మన్ చూసి కంగారుపడ్డ ఆ పెద్దలు గుర్తొచ్చారు. ఆ ఒక్క విషయంలో మేనకోడలు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఖమ్మం అబ్బాయిలాంటివాళ్ళకి ఇది మామూలు మేలు కాదు. దీన్ని తక్కువచేసి మాట్లాడే సీనియర్లని చూస్తే, ఏ-జీరోని ముట్టుకోనివాళ్ళే గుర్తొస్తారు.

కానీ మిగతాదానికి నేను ఒప్పుకోలేదు. హాపర్ కంపైలర్‌కి మనిషి ఏది రాసి ఇస్తాడో అదే ప్రోగ్రామ్. దాన్నే దాచిపెడతారు, దాన్నే దిద్దుతారు, పదేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు దాన్నే చదువుతారు. ఎన్నిసార్లు ఇచ్చినా దానికి అదే అర్థం. మేనకోడలు తెలుగులో అడిగిన ప్రశ్న ఆ చాట్‌లోనే పోయింది. మిగిలింది పైథాన్ ఫైలు, తను రాయనిది, పూర్తిగా చదవనిది. మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఇంకో రకం ఫైలు వచ్చింది. మెస్ బిల్లుకి ఫర్వాలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఇలాంటి ఫైళ్ళు వేలకి వేలు పేరుకుంటే, అందులో ఏ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో ఎక్కడ చూసుకోవాలి?

"నువ్వే అన్నావు కదా, మేనేజర్లు ఎప్పుడూ చదవలేదని. చదవాల్సి వచ్చినప్పుడు ఏఐనే అడుగుతాం, వివరంగా చెబుతుంది" అంది తను. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వివరించడంలో అది నిజంగానే బాగుంది. పాత కోబాల్ ముక్క ఒకటి ఇస్తే, మాకు వారం పట్టే సంగతి చిటికెలో చెప్పింది. అయితే చెప్పగలిగింది ఎందుకంటే ఆ కోబాల్‌లో పేర్లు నిండుగా ఉన్నాయి, రాసిన మనిషి ఉద్దేశం ఆ పేర్లలో ఉంది. ఉద్దేశమే ఎక్కడా రాయకపోతే ఏఐ అయినా ఊహించి చెప్పాల్సిందే, మేము అసెంబ్లర్ దగ్గర ఊహించినట్టు.

కాబట్టి వచ్చే మార్చికి పోస్టరు మార్చమని మేనకోడలికి చెప్పాను. పురుగు తీసేసి 1946 నాటి ఆ 561 పేజీల మాన్యువల్ ఫొటో పెట్టమన్నాను. పక్కన జీన్ సామెట్, మేరీ హాస్ పేర్లు కూడా. కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు హాపర్‌కి ఎప్పుడూ రాలేదు. 1971లో ఏసీఎమ్ ఆవిడ పేరిట యువతరానికి ఒక అవార్డు పెట్టింది, మొదటిది కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌కి వచ్చింది. అదీ చెప్పమన్నాను. తను చేసినవాటిలో దేనికి ఎక్కువ గర్వపడతారని అడిగితే, కంపైలర్ కంటే ముందు తను తీర్చిదిద్దిన కుర్రవాళ్ళ గురించే ఆవిడ చెప్పేదట. మేనకోడలు అన్నీ రాసుకుంది. మాన్యువల్ ఫొటో పెడితే ఎవరూ ఆగి చూడరేమో అని మాత్రం తనకి అనుమానం. కనీసం పురుగు కింద ఆ వాక్యం మొత్తం, "నిజంగా" అన్న మాటతో సహా రాయండి అన్నాను. దానికి ఒప్పుకుంది.